రచ్చబండ ఎవరిది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. పరీక్షల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం ఎలా అన్నది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. కాబట్టి మేము వేరే విషయం ఎత్తుకుంటున్నాం. మేము ఈ హాస్టల్లోనే ఐదు నుంచి పది దాకా ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివినవాళ్లం. ఇప్పుడు సమాజశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకోవడం మాతోనే మొదలు. అందుచేత ఈ వ్యాసంలో క్లాసులో నేర్చుకున్నది కొంత, సొంతంగా తెలుసుకున్నది కొంత ఉంటుంది.

మొదట ఒక చిన్న పని చేద్దాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్నదో నాయినదో ఫోను తీసుకుని అందులో ఎన్ని వాట్సాప్ గ్రూపులు ఉన్నాయో లెక్కపెట్టండి. మేము మా అన్న ఫోన్లో లెక్కపెడితే పదకొండు వచ్చాయి. చుట్టాల గ్రూపు, ఊరి గ్రూపు, కులసంఘం గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, మేస్త్రీ కింద పనిచేసేవాళ్ల గ్రూపు, పార్టీ గ్రూపులు రెండు, ఇట్లా. పైకి ఇవన్నీ వేర్వేరుగా కనిపించినా ఒక విషయంలో అన్నీ ఒకటే. మనిషిని గ్రూపులో చేర్చే ముందే అతను ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ కులం, ఏ బడి అన్నది తేలిపోయి ఉంటుంది. బయట ఉన్న బంధాన్నే ఫోన్లోకి తెచ్చుకున్నాం.

ఇంకో రకం సమూహాలు కూడా ఉన్నాయి. పక్షులను చూసి గుర్తుపట్టేవాళ్లు, పాత నాణేలు పోగు చేసేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు, పాత సినిమా పాటల వివరాలు వెతికేవాళ్లు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరతారు. చేరే రోజుకు వాళ్లకు అక్కడ ఒక్కరూ పరిచయం ఉండరు. అందరికీ ఉమ్మడిగా ఉండేది ఒక ఇష్టం, లేదా ఒక పని. ఈ వ్యాసం ఆ రెండో రకం గురించి. అందులోనూ మాకు దగ్గరగా తెలిసిన ఒకదాని గురించి, అంటే తెలుగు వికీపీడియా గురించి.

ఈ ఆలోచన ఎక్కడిది?

1968లో జె.సి.ఆర్. లిక్లైడర్, రాబర్ట్ టేలర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు ఒక వ్యాసం రాశారు. కంప్యూటర్ అంటే లెక్కలు చేసే యంత్రమని అందరూ అనుకునే రోజులవి. ఇంటర్నెట్‌కు తొలి రూపమైన ఆర్పానెట్ కూడా అప్పటికి పుట్టలేదు, అది 1969లో వచ్చింది. కంప్యూటర్ మనుషుల మధ్య మాట నడిపే సాధనం అవుతుందని, అప్పుడు ఒకే చోట ఉండేవాళ్లు కాకుండా ఒకే ఆసక్తి ఉండేవాళ్లు సమూహాలు కడతారని వారు ఊహించారు.

అయితే మనకు ఇంకా దగ్గరివాడు, ఇంకా ముందువాడు ఒకరున్నారు. లాహోరులో జాత్-పాత్-తోడక్ మండల్ సభలో చదవడానికి డాక్టర్ అంబేడ్కర్ 1936లో ఒక ఉపన్యాసం రాశారు. అందులోని మాటలు నిర్వాహకులకు మింగుడుపడక సభనే రద్దు చేశారు. అప్పుడాయన తానే దాన్ని అచ్చు వేయించారు. అదే 'కుల నిర్మూలన'. దాని పేరు మన హాస్టల్లో అందరికీ తెలుసు, చదివినవాళ్లు మాత్రం తక్కువ. (మేము కూడా డిగ్రీకి వచ్చేదాకా చదవలేదు.) అందులో సమాజం అంటే ఏమిటి అని ఆయన ఒకచోట ప్రశ్న వేసుకుంటారు. పక్కపక్కన బతికినంత మాత్రాన సమాజం కాదు. ఒకే రకం పండుగలు, ఒకే రకం అలవాట్లు ఉన్నంత మాత్రానా కాదు. అందరూ ఒకే పనిలో పాలు పంచుకోవాలి, ఒకరి గెలుపును మరొకరు తన గెలుపుగా భావించాలి, అప్పుడే అది సమాజం అని ఆయన వాదన సారాంశం. కులం ఆ ఉమ్మడి పనిని జరగనివ్వదు కాబట్టి కులం ఉన్నచోట సమాజం లేదంటారు.

మా ఎం.ఏ. క్లాసులో ఈ రెండూ వేర్వేరు పేపర్లలో ఉన్నాయి. మేము మాత్రం రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుకుంటాం. ఊరు పక్కపక్కన బతకడం. మరి ఉమ్మడి పని ఎక్కడ?

తెలుగువాళ్ల సంగతి

1990ల మొదట్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ అనే ఏర్పాటులో తెలుగు ముచ్చట్లకు ఒక వేదిక పెట్టుకున్నారు. కంప్యూటర్ మీద తెలుగు అక్షరం రాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తే ఒక్కొక్కరిది ఒక్కో తీరు. అందుకని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి స్థిరం చేశారు. దాన్ని ఆర్.టి.ఎస్. అంటారు. 1998లో 'ఈమాట' అనే ఇంటర్నెట్ పత్రిక మొదలైంది. ఆ కాలంలో కంప్యూటరును ముట్టుకోగలిగిన తెలుగువాళ్లు ఎవరో, ఏ ఇళ్ల నుంచి పోయినవారో వేరే చెప్పనక్కర లేదు. అయినా ఆ పునాది లేకపోతే ఈరోజు మన ఫోన్లో తెలుగు ఇంత సులువుగా వచ్చేది కాదు. వాళ్ల కష్టాన్ని కాదనడం మా ఉద్దేశం కాదు.

వికీపీడియా ఇంగ్లీషులో 2001 జనవరి 15న మొదలైంది. తెలుగులో 2003 డిసెంబరులో మొదలైంది. దానికి ఆద్యుడు వెన్న నాగార్జున గారు. పత్రికలవాళ్లు ఎవరికి వారు వాడుకునే ఫాంట్లలో ఉన్న తెలుగును అందరికీ కనిపించే యూనికోడ్ తెలుగులోకి మార్చే 'పద్మ' అనే సాధనం తయారు చేసింది కూడా ఆయనే. 2006లో వీవెన్ గారి 'లేఖిని' వచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీదనే తెలుగు రాయడం మామూలు మనిషికి కూడా అలవాటైంది. పదుల సంఖ్యలో మొదలైన వ్యాసాలు ఇప్పుడు లక్ష దాటాయి. వీటికి జీతం లేదు, రాసినవాళ్ల పేరు పేజీ మీద కనపడదు. 'చరిత్ర' అనే చోట నొక్కి చూస్తేనే ఏ వాడుకరి ఏ రోజు ఏ మాట మార్చాడో తెలుస్తుంది.

రాసే విధానం కూడా తెలుసుకోవాలి. ఏ పేజీ మీదనైనా 'సవరించు' అని ఉంటుంది. దాన్ని నొక్కి ఎవరైనా మార్చవచ్చు. మరి అందరూ ఇష్టమొచ్చినట్టు రాస్తే? 'ఇటీవలి మార్పులు' అనే పేజీలో ప్రతి మార్పూ వరుసగా కనిపిస్తుంది. దాన్ని రోజూ కాపలా కాసేవాళ్లు ఉంటారు. తప్పు రాస్తే వెనక్కి తిప్పుతారు. మార్చింది ఎందుకో 'చర్చ' పేజీలో వాదించుకోవచ్చు. రాసిన ప్రతి విషయానికీ అచ్చయిన ఆధారం చూపాలి. రెండు మూడు వాక్యాలే ఉన్న చిన్న వ్యాసాన్ని వాళ్లు 'మొలక' అంటారు, నీళ్లు పోసి పెంచాల్సినదని. మాకు నచ్చిన మాటల్లో అదొకటి.

ఒక మనిషి పట్టుదల గురించి ఇక్కడ చెప్పాలి. మన పక్క ఉమ్మడి నల్లగొండ జిల్లా మోత్కూరుకు చెందిన ప్రణయ్‌రాజ్ వంగరి గారు 2016 సెప్టెంబరులో రోజుకో వ్యాసం రాయడం మొదలుపెట్టారు. వంద రోజులు అనుకున్నది ఏడాది అయింది. ఏడాది అనుకున్నది 2019 జూన్ నాటికి వేయి రోజులు అయింది. నాటకరంగం మీద పరిశోధన చేసిన మనిషి ఆయన. అడిగినవాళ్లు లేరు, ఇచ్చినవాళ్లు లేరు. ఇష్టం అంటే ఇంత పని చేయిస్తుంది.

రచ్చబండ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే ఒక పేజీ ఉంది. నియమాలు, తగాదాలు, కొత్త పనులు అన్నీ అక్కడే చర్చకు వస్తాయి. దాని పేరు 'రచ్చబండ'.

ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు మాకు నవ్వు వచ్చింది, తర్వాత మా తాత గుర్తొచ్చాడు. మా ఊర్లో రచ్చకట్ట అంటారు. వేపచెట్టు చుట్టూ కట్టిన రాతి అరుగు. మా తాత పడుచుతనంలో ఆ అరుగు మీద మా వాడవాళ్లు కూర్చోలేదు. పంచాయితీ తమదే అయినా కింద, దూరంగా నిలబడాలి. పిలిస్తే చెప్పాలి, పిలవకపోతే వినాలి. ఇప్పుడు ఆ పట్టింపు లేదని అందరూ అంటారు, నిజమే కావచ్చు. కానీ మేము ఇంటికి పోయినప్పుడు చూస్తాం కదా, మా తాత ఇవాళ్టికీ ఆ అరుగు దగ్గరికి వస్తే నిలబడే మాట్లాడతాడు. ఎవరూ కూర్చోవద్దని చెప్పలేదు. కాళ్లకు అలవాటు పోలేదు.

వికీపీడియా రచ్చబండ మీద మాట్లాడాలంటే ఒక వాడుకరి పేరు పెట్టుకుంటే చాలు. ఇంటిపేరు అడగరు. ఊరు అడగరు. ఒక ఉదాహరణ చెబుతాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. మన కల్వకుర్తి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ప్రభుత్వం ఒక్కరోజులో జిల్లాలు మార్చింది కానీ వికీపీడియాలో వేలాది ఊర్ల పేజీల్లో జిల్లా పేరు, మండలం పేరు, పటాలు, మూసలు ఒక్కొక్కటీ మార్చాలి. ఎవరు ఏ జిల్లా చూసుకోవాలి, పాత జిల్లా పేరు ఉంచాలా తీసేయాలా అని ఇట్లాంటి పనుల్లో మాట్లాడుకుని, పంచుకుని చేస్తారు. మామూలుగా చేతులెత్తి లెక్కపెట్టే ఓటు ఉండదు. ఎవరి కారణం బాగుంటే దానికి మిగతావాళ్లు ఒప్పుకోవాలి. అంబేడ్కర్ చెప్పిన ఉమ్మడి పని ఇటువంటిదే అని మా అభిప్రాయం.

మా మొదటి తప్పు

2020లో కరోనా వచ్చి, డిగ్రీ మొదటి ఏడు క్లాసులు ఫోన్లోకి మారాయి. మా అన్న ఫోను పగలు మాకిచ్చేవాడు. సిగ్నల్ కోసం మేడ మీదికి ఎక్కాలి, మేడ మాది కాదు, పక్కింటివాళ్లది. క్లాసు అయిపోయాక మిగిలిన డేటాతో ఒకరోజు కల్వకుర్తి అని వెతికితే వికీపీడియా పేజీ కనబడింది. అందులో మాకు తెలిసిన సంగతులు కొన్ని లేవు. మా దగ్గర ఉన్న ఒక పాత పుస్తకం తీసి, అందులో ఒకటిన్నర పేజీ ఉన్నది ఉన్నట్టు టైపు చేసి పెట్టాం. గొప్ప పని చేశామని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి చూస్తే అది లేదు. మా చర్చా పేజీలో ఒక సందేశం ఉంది. పుస్తకంలోని మాటలకు రచయిత హక్కు ఉంటుంది, విషయం తీసుకోవచ్చు కానీ వాక్యాలు మీ సొంతం కావాలి, పుస్తకం పేరు, పేజీ నంబరు ఆధారంగా ఇవ్వండి, మొదట 'ప్రయోగశాల'లో రాసి చూసుకోండి అని. తప్పు మాదే. చిన్నబుచ్చుకోవలసింది. కానీ మేము ఆ సందేశాన్ని నాలుగైదుసార్లు చదివింది వేరే కారణానికి. అందులో మా వాడుకరి పేరు చివర 'గారు' అని ఉంది.

తమ్ముళ్లారా, ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మా నాయినకు యాభై ఏళ్లు దాటాయి. ఊర్లో ఆయన కొడుకు వయసువాడు కూడా ఆయన్ని పేరు పెట్టి 'ఏరా' అనే పిలుస్తాడు. మాకప్పుడు పద్దెనిమిదేళ్లు. తప్పు చేసినవాణ్ని 'గారు' అని పిలిచి, తప్పు ఎక్కడో చూపించి, మళ్లీ రాయమని అడిగిన మనిషి ఎవరో మాకు ఇవాళ్టికీ తెలియదు. మేమెవరో ఆయనకు గానీ ఆమెకు గానీ తెలియదు. తెలియకపోవడం వల్లనే ఆ 'గారు' వచ్చిందా, తెలిస్తే కూడా వచ్చేదా అన్నది మేము అప్పుడప్పుడు ఆలోచించుకునే ప్రశ్న.

మా ఊరి పేజీ

తర్వాత మా ఊరి పేజీకి పోయాం. తెలుగు వికీపీడియాలో దాదాపు ప్రతి రెవిన్యూ గ్రామానికీ పేజీ ఉంది, మీ ఊరిది కూడా ఉంటుంది, చూడండి. ఎక్కువ పేజీల్లో ఉండేది 2011 జనాభా లెక్కల సమాచారం. ఇళ్లు ఎన్ని, జనాభా ఎంత, ఎన్ని హెక్టార్లు, బడి ఉందా, కాలేజీ ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం, తాగునీరు ఎట్లా వస్తుంది, బస్సు వస్తుందా, సాగుభూమి ఎంత, బీడు ఎంత. ఇది పనికిమాలినది అనకండి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఎన్ని కిలోమీటర్లో ఒక్కో ఊరికీ రాసి ఉంటే, కల్వకుర్తి చుట్టూ ఆడపిల్లల చదువు పదితో ఎందుకు ఆగిపోయిందో సగం అక్కడే అర్థమవుతుంది.

ఆ లెక్కల్లో మగవారి సంఖ్య, ఆడవారి సంఖ్య చెప్పాక షెడ్యూల్డు కులాల జనాభా ఇంత అని ఒక అంకె ఉంటుంది. మా అవ్వ, నాయిన, అన్న, తాత, మేము, మా వాడలోని అందరం ఆ అంకెలో ఉన్నాం. ఆ పేజీలో మేము ఉన్నచోటు అదొక్కటే. గుడి గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. మా వాడ పేరు లేదు. డప్పు లేదు. పుణె, ముంబై దారి పట్టి, ఏడాదిలో ఆరు నెలలు ఊర్లో తాళాలు వేసి ఉండే ఇళ్ల సంగతి లేదు. పాలమూరు కూలీలు దేశమంతా ఆనకట్టలు, కాలువలు కట్టారని పుస్తకాల్లో ఉంటుంది. ఏ ఊరి నుంచి ఎవరు పోయారో ఆ ఊరి పేజీలో ఉండదు. అవ్వా నాయినా అట్లా పోయారు కాబట్టే మమ్మల్ని ఈ హాస్టల్లో వేశారు. మీలో చాలామంది సంగతి కూడా ఇంతే.

ఎందుకు లేదు? ఎవరో కుట్ర చేసి తీసేశారని మేము అనుకోవడం లేదు. తనకు ఇష్టమైనది, తనకు తెలిసినది మనిషి రాస్తాడు. గుడి తెలిసినవాళ్లు గుడి గురించి రాశారు. వాడ తెలిసినవాళ్లు రాయడానికి రాలేదు. ఇష్టం మీద కట్టిన సమూహంలో ఉన్న లోపం ఇదే. తలుపు తెరిచే ఉంటుంది, కానీ ఫోను, తీరిక, టైపు చేసే ధైర్యం ఉన్నవాళ్లే లోపలికి వస్తారు. ఆడవాళ్ల సంగతి కూడా అంతే. 2011లో వికీమీడియా ఫౌండేషన్ జరిపిన సర్వేలో రాసేవాళ్లలో ఆడవారు నూటికి పదిమంది కూడా లేరని తేలింది. ఇక ఇంటిపేరు అడగరు అన్నాం కానీ, చాలామంది తమ ఇంటిపేరుతోనే రాస్తారు, చదివేవాడికి తెలిసేది తెలుస్తూనే ఉంటుంది. సినిమా అభిమానుల సమూహాలను చూడండి. అవి కూడా ఇష్టం మీద కట్టినవే. హీరో మీద అభిమానం అని మొదలై చివరికి హీరో కులం దగ్గర తేలే వాదనలు ఎన్ని లేవు! ఇష్టం అన్న పేరు పెట్టుకున్నంత మాత్రాన పుట్టుక బయటే ఆగిపోదు.

రెండో అడ్డంకి ఆధారం. అచ్చులో లేనిది రాయకూడదు అన్న నియమం మంచిదే. లేకపోతే ప్రతివాడూ తన తాత జమీందారని రాసుకుంటాడు. కానీ మనవాళ్ల సంగతులు అచ్చులో ఎక్కడున్నాయి? నోట్లో ఉన్నాయి, పాటలో ఉన్నాయి. మన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారి 12 మెట్ల కిన్నెర సంగతే తీసుకోండి. ఆ వాద్యం, ఆ పాటలు తరాల నుంచి ఉన్నవే. 2021లో సినిమా పాటలో ఆయన గొంతు వినబడి, 2022లో పద్మశ్రీ వచ్చాక గానీ రాష్ట్రమంతా ఆయన గురించి ఇంతగా రాయలేదు. ఆ సినిమా రాకపోతే? ఇట్లా పోయిన వాద్యాలు, పోయిన పాటగాళ్లు ఎందరో.

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. 2011లో అచల్ ప్రభల అనే ఆయన మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ తిరిగి, పల్లె ఆటలు, వంటలు వంటివి తెలిసిన మనుషుల మాటలను రికార్డు చేసి, ఆ రికార్డునే వికీపీడియాకు ఆధారంగా ఎందుకు తీసుకోకూడదని అడిగారు. దాని మీద ఒక చిన్న చిత్రం కూడా తీశారు. వాదన తెగలేదు, నియమం మారలేదు. కానీ ప్రశ్న మాత్రం అక్కడి రికార్డులో ఉంది. అట్లాగే 2015 నుంచి కొందరు దళిత యువతులు ఏప్రిల్ నెలను దళిత చరిత్ర మాసంగా జరుపుతూ, ఒకచోట కూర్చుని వికీపీడియాలో దళితుల గురించి వ్యాసాలు రాసే పని కూడా పెట్టుకున్నారు.

అచ్చులో లేకపోతే అచ్చు వేయించిన మనిషి మన పాలమూరులోనే ఉన్నాడు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. కంప్యూటరు లేదు, ఫోను లేదు, పోస్టు ఒక్కటే. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు ఒక పని మీద కలిసి, ఉన్నదాన్ని లేదన్నవాళ్ల ముందు పెట్టారు. వికీపీడియాను అమెరికావాళ్లు కనిపెట్టారు కానీ ఈ రకం పని మనకు కొత్త కాదు.

మనకు ఇందులో ఏముంది?

ఇక్కడ ఒక తమ్ముడు అడగవచ్చు, అన్నా, ఇదంతా బాగానే ఉంది, దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని. ఆ ప్రశ్న తప్పు కాదు. మేము కూడా అదే అడిగేవాళ్లం.

మార్క్ గ్రానొవెట్టర్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త 1973లో ఒక పరిశోధన ప్రచురించాడు. తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ తెలిసినవాళ్లను మీరు ఎంత తరచుగా కలుస్తారు అని అడిగాడు. తరచుగా కలిసే దగ్గరివాళ్ల ద్వారా దొరికింది నూటికి సుమారు 17 మందికే. మిగతా 83 మందికీ అప్పుడప్పుడు, లేదా ఏడాదికోసారి కలిసేవాళ్ల ద్వారా దొరికింది. కారణం చాలా తేలిక. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. దూరపువాళ్లకే మనకు తెలియని కబురు తెలుస్తుంది.

పెద్ద ఇళ్ల పిల్లలకు దగ్గరివాళ్లలోనే ఒక డాక్టరు, ఒక లాయరు, ఒక లెక్చరరు ఉంటారు. మా చుట్టాల గ్రూపులో ఉన్న 40 మందిలో డిగ్రీ చదివింది మేమొక్కళ్లమే. ఆ గ్రూపులో మాకు ప్రేమ ఎంతైనా దొరుకుతుంది, స్కాలర్‌షిప్ చివరి తేదీ దొరకదు. పీజీ ప్రవేశ పరీక్ష సంగతి మాకు చెప్పింది మా ఊరివాడు కాదు, చుట్టం కాదు. వేరే మండలం నుంచి వచ్చి మా పై తరగతిలో చదివిన హాస్టలు అన్న. పదోతరగతి తర్వాత ఆయన్ను మూడుసార్లు కూడా కలవలేదు. గ్రానొవెట్టర్ పాఠం క్లాసులో విన్నప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది ఆయనే. అట్లాంటి దూరపు పరిచయాలను పెంచుకునేందుకు ఇష్టం మీద కట్టిన సమూహాలు ఒక దారి. మీకు చదరంగం ఇష్టమా, పిట్టలు ఇష్టమా, మొక్కలు ఇష్టమా, లెక్కలు ఇష్టమా, ఏదైనా సరే. పని చూపిస్తే అక్కడ మనిషిని గుర్తుపడతారు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అక్కడ డబ్బు అడిగినా, ఫోటోలు అడిగినా, ఇంటి చిరునామా అడిగినా ఆ రోజే బయటికి వచ్చేయండి, వార్డెన్ సారుకు చెప్పండి.

ఇక మా ఊరి పేజీ సంగతి ఏమైందో చెప్పాలి. మా వాడ గురించి రాయడానికి అచ్చయిన ఆధారం మాకు దొరకలేదు. కానీ సొంతంగా తీసిన ఫోటో పెట్టడానికి అచ్చయిన పుస్తకం అక్కర్లేదు. వికీమీడియా కామన్స్ అని బొమ్మలు దాచే చోటు ఉంది. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అని రాసి, ఎవరైనా వాడుకోవచ్చని అనుమతి ఇస్తే చాలు. ఊరి బావిలో చేద వేయనివ్వని కాలంలో మా వాడవాళ్లు తవ్వుకున్న బావి ఒకటి ఉంది. ఇప్పుడు నీళ్లు లేవు, నల్లా వచ్చాక ఎవరూ అటు పోవడం లేదు. దాని గట్టు మీద పచ్చి సిమెంటులో వేలితో గీసిన 1974 అన్న అంకెలు ఇంకా ఉన్నాయి. పోయిన దసరా సెలవుల్లో తుమ్మకంప నరికి, ఆ అంకెలు కనబడేటట్టు ఫోటో తీసి పెట్టాం. ఊరి పేజీలో జనాభా లెక్కల కింద ఇప్పుడు ఆ బావి కనిపిస్తుంది.

నెల తర్వాత ఆ ఫోటో చర్చా పేజీలో ఎవరో ఒక ప్రశ్న అడిగారు. ఈ బావి తవ్వినవారి పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా అండీ అని.

తాతను అడిగాం. ఎవరడిగిండ్రు అన్నాడు. తెలియదు తాతా అన్నాం. ఎందుకడిగిండ్రు అన్నాడు. రాసిపెట్టనీకి అన్నాం. కొంచెంసేపు ఊరుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ పధ్నాలుగు పేర్లు చెప్పాడు. అందులో ఇద్దరు ఆడవాళ్లు, మట్టి తట్టలు మోసినవాళ్లు. మొత్తం పదిహేను మంది అని ఆయనకు గట్టిగా గుర్తు. ఆ పదిహేనో మనిషి పేరు మాత్రం నోటికి రాలేదు. పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకుని కింద ఒక గీత ఖాళీగా వదిలాం. సంక్రాంతికి పోయినప్పుడు మళ్లీ అడగాలి.